రమ్మీ తెలిసిన తాతయ్య, ప్యాకెట్లు చింపే మనవరాలు: ఒక కేస్ స్టడీ

"అది ఆడేది పేకాట కాదమ్మా, చీటీలు చింపడం."

2025 మే మొదటి వారంలో నా గదిలో కూర్చుని ఒక తాతగారు అన్న మాట ఇది. ఆయన చిన్నప్పుడు కిరాణా కొట్టు ముందు ఒక అట్ట వేలాడేదట. దానికి మడతపెట్టిన చీటీలు అంటించి ఉండేవి. ఐదు పైసలిచ్చి ఒకటి చింపితే బుడగో, బిళ్లో, ఎక్కువసార్లు ఏమీ లేదనో వచ్చేది. పదకొండేళ్ల మనవరాలు ఫోన్లో రోజుకు మూడు గంటలు చూస్తున్నది అదేనని ఆయన వాదన. ఎవరో ఎక్కడో కూర్చుని పోకెమాన్ అనే కార్టూన్ జీవుల బొమ్మలున్న కార్డుల ప్యాకెట్లు ఒకదాని తర్వాత ఒకటి చింపుతుంటారు, ఈ పిల్ల కన్నార్పకుండా చూస్తూ ఉంటుంది.

నేను విజయవాడలో పిల్లలకూ కుటుంబాలకూ కౌన్సెలింగ్ చేస్తాను. ఈ కేసు గురించి రాయడానికి కుటుంబమంతా ఒప్పుకున్నారు. పేర్లు రాయను. ఊళ్లు, ఉద్యోగాలు కొంత మార్చాను. ఆట వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను, ఎందుకంటే ఈ కేసు నడిచిందీ, ఒకచోట బోల్తా పడిందీ ఆ వివరాల వల్లే.

తాతగారికి 71. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. కూతురు హైదరాబాద్‌లో ఉంటుంది, ఈ పాప ఆమె కూతురే, సెలవులకని అమ్మమ్మ ఇంటికొచ్చింది. కొడుకు అమెరికాలో, టెక్సస్‌లోని డాలస్ దగ్గర ఉంటాడు. అతని కొడుక్కి తొమ్మిదేళ్లు. అంటే ఇంట్లో పెద్దావిడ ఒక్కరే అయినా ఒకరికి అమ్మమ్మ, ఇంకొకరికి నానమ్మ. వరస ప్రకారం ఆ పాప ఈ బాబుకి వదిన. ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. అసలు ఇద్దరూ మాట్లాడుకున్నదే తక్కువ.

పాపను తీసుకొచ్చింది తల్లి. ఫిర్యాదు మామూలుదే: ఫోన్ వదలట్లేదు, లాక్కుంటే అరుస్తోంది. తాతగారు కారు దిగి ఊరికే లోపలికొచ్చారు. ఈ కేసులో ఆయనే ముఖ్యుడవుతారని ఆ రోజు నేననుకోలేదు.

పాప తన డబ్బా నాకు చూపించింది. స్కూలు దగ్గర స్టేషనరీ షాపులో అమ్మే బంగారు రంగు ప్లాస్టిక్ కార్డులు, మొత్తం 214. ఒకదాని మూలన 180 అని ఉంటే, అదేంటమ్మా అని అడిగాను. తెలియదంది. కింద రాసింది చదివావా అంటే చదవలేదంది. "ఇది చాలా రేర్ ఆంటీ" అని మాత్రం చెప్పింది. రెండొందల కార్డులున్నాయి, ఒక్క ఆట కూడా ఆడలేదు.

తాతగారు ఆ కార్డు తీసుకుని కళ్లజోడు పైకెత్తి చదివారు. "ఇందులో నిజంగా ఆట ఉందా?" అని నన్నడిగారు. ఉందన్నాను. "అయితే నేను నేర్చుకుని దీనికి నేర్పుతాను. డాలస్‌లో ఉన్నవాడికి కూడా. వాడితో వీడియో కాల్ నాలుగు నిమిషాలకు మించదమ్మా. బాగున్నావా, తిన్నావా అంటాను. గుడ్ తాతయ్యా అంటాడు. అంతే."

డాలస్‌లో ఉన్నవాడితో ఆడాలంటే ఫోన్‌లోనే ఆడాలి. మరి ఫోన్ తగ్గించమని వచ్చిన ఇంటికి ఫోన్‌లో ఇంకో ఆట పెట్టమని చెప్పాలా? వారం రోజులు ఆలోచించాను. చివరికి నన్ను ఒప్పించింది ఆయన మొదటి రోజన్న మాటే. చీటీ చింపడం వేరు, ఆట ఆడటం వేరు. పాపకి మొదటిది బాగా తెలుసు, రెండోది అసలు తెలియదు.

అమ్మమ్మ ఒప్పుకోవాలి కదా

పెద్దావిడ వద్దన్నారు. "మా ఇంట్లో పేకముక్క కనపడి ముప్పై ఏళ్లయిందమ్మా, మళ్లీ తెస్తారా?" అన్నారు. తాతగారి తమ్ముడు మూడు ముక్కలాటలో రెండెకరాలు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఈయన క్లబ్బుకెళ్లి రమ్మీ ఆడటం కూడా మానిపించారావిడ.

తాతగారి దగ్గర దీనికో జవాబుంది, పెళ్లయినప్పటి నుంచీ అదే చెబుతున్నారట. రమ్మీ జూదం కాదని సుప్రీంకోర్టే చెప్పింది అంటారు. నిజమే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసులో, 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అంది. ఏ ముక్కలు పడ్డాయో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో లెక్క తెలియాలి అని కారణం చూపింది. అదే తీర్పులో మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టమని కూడా అంది.

"కోర్టుకేం తెలుసు, మీ తమ్ముడి రెండెకరాలు ఎటు పోయాయో" అన్నారావిడ.

నేను మధ్యలో ఒక మాట అందించాను. ఈ డిజిటల్ కార్డుల ఆటలో రెండూ ఉన్నాయండీ, ప్యాకెట్ చింపడం మూడు ముక్కలాట, చేతిలో ఉన్న కార్డులతో ఆడటం రమ్మీ, మనం పాపని మొదటిదాని నుంచి రెండోదానికి జరపాలి అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి ఒక ప్రశ్న వేశారు. ఇన్నేళ్లలో ఏ తల్లిదండ్రులూ నన్ను అంత సూటిగా అడగలేదు: "మరి ఆ ఆట చేసినవాళ్లకి డబ్బు దేనిమీద వస్తుంది, మొదటిదాని మీదా, రెండోదాని మీదా?"

మొదటిదాని మీదేనని ఒప్పుకున్నాను. లోపలేముందో తెలియని ప్యాకెట్‌ని డబ్బుకి అమ్మడం పిల్లల ఆటల్లో ఎంత పెద్ద గొడవో కూడా చెప్పాను. బెల్జియంలో 2018లోనే జూదాల నియంత్రణ సంస్థ కొన్ని వీడియో గేముల్లో డబ్బుకి అమ్మే ఇలాంటి పెట్టెలను జూదంగా తేల్చింది. ఆవిడ పెట్టిన షరతు చిన్నదే: ఒక్క రూపాయి కూడా కట్టకూడదు. నోటుపుస్తకంలో తారీకు వేసి రాసుకున్నారు. ఆ పుస్తకం తర్వాత పనికొచ్చింది.

అల్లుడు ఫోన్ చేసి ఇంకోటి అడిగాడు, ఆన్‌లైన్ కార్డుల ఆట మన దగ్గర నిషేధం కదా అని. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి నిషేధించింది డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ ఆటల్ని. ఇక్కడ గెలిస్తే రూపాయి రాదు, ఓడితే రూపాయి పోదు. ఆ భయం అక్కడితో తీరింది.

ఏ ఆట?

మూడు చూశాం. హార్త్‌స్టోన్‌లో ముప్పై కార్డుల డెక్ (ఆడటానికి పేర్చుకునే కట్ట), ముప్పై ప్రాణాలు. ఆట బాగుంటుంది కానీ కార్డు మీద రాత ఎక్కువ. వంతు అయిపోతోందని తెరమీద తాడు కాలుతూ ఉంటే తాతగారికి టెన్షన్ వచ్చేసింది. మార్వెల్ స్నాప్ చిన్నది, పన్నెండు కార్డులు, ఆరు వంతులు. ఆయనకి వెంటనే నచ్చింది. కానీ అందులో మధ్యలో పందెం రెట్టింపు చేసే పద్ధతుంది. డబ్బు కాదు, క్యూబులనే పాయింట్లే. అయినా పెద్దావిడ ముందు పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

చివరికి మిగిలింది పోకెమాన్ ట్రేడింగ్ కార్డ్ గేమ్ పాకెట్. 2024 అక్టోబరు 30న ఫోన్లలోకి వచ్చింది. డెక్‌లో ఇరవై కార్డులే, ఒకే పేరు కార్డు రెండుకి మించి ఉండకూడదు. ఎదుటివాళ్ల పోకెమాన్‌ని పడగొడితే ఒక పాయింటు, ఈఎక్స్ అనే బలమైనదాన్ని పడగొడితే రెండు. ముందు మూడు పాయింట్లు ఎవరికొస్తే వాళ్లు గెలిచినట్టు. ఒక ఆట పది నిమిషాల్లోపే అయిపోతుంది. ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడే చాట్ ఇందులో లేదు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఇద్దరూ ఒకే పాస్‌వర్డ్ కొట్టుకుంటే ఇంట్లోవాళ్ల మధ్యే ఆట నడుస్తుంది. పన్నెండు గంటలకొకటి చొప్పున రోజుకు రెండు ప్యాకెట్లు ఉచితం, ప్యాకెట్‌కి ఐదు కార్డులు.

పాప డబ్బాలో ఉన్న బొమ్మలే ఇందులోనూ ఉండటం మాకు కలిసొచ్చింది.

శుభలేఖల వెనక

మొదటి రెండు వారాలు ఫోన్ ముట్టలేదు. ఇది నా ఆలోచన కాదు, తాతగారిదే. ఇంట్లో పాత శుభలేఖలు ఒక కట్ట ఉంటే, ముక్కలుగా కోసి వెనకవైపు స్కెచ్ పెన్‌తో ఇరవై చొప్పున రెండు డెక్‌లు రాశారు. ఒకే పోకెమాన్ ఎదిగే మూడు దశలు: చార్మాండర్, దాని మీద చార్మీలియన్, దాని మీద చారిజార్డ్. బొమ్మలు పాప వేసింది. దెబ్బల లెక్కకి చింతపిక్కలు పెట్టారు, ఒక పిక్కకి పది. కొన్ని కార్డులకి నాణెం ఎగరేయాలి, దానికి రూపాయి బిళ్ల, బొమ్మా బొరుసా.

అలా నేల మీద కూర్చుని ఆడుతుంటే పాపకి 180 అంటే ఏమిటో అర్థమైంది. పద్దెనిమిది పిక్కలు పడితే ఆ కార్డు చచ్చినట్టు. పదకొండేళ్ల పిల్లకి అది చెప్పడానికి మాటలక్కర్లేదు, పిక్కలు చాలు. ఫోన్‌లో ఈ లెక్కలన్నీ యంత్రమే చేసేస్తుంది కాబట్టి పిల్లలు వేళ్లతో నొక్కుకుంటూ పోతారు, ఎందుకు గెలిచామో ఎందుకు ఓడామో తెలియదు. కాగితం మీద ముందు ఆడటం వల్ల తర్వాత ఎంత తేడా వచ్చిందో నేను స్వయంగా చూశాను. ఇలాంటి వేరే ఇళ్లకి ఇప్పుడు నేను ముందు చెబుతున్నది ఇదే.

డాలస్ బాబుకి శుభలేఖలు పంపలేం కదా. వాళ్ల నాన్న ఫోటోలు చూసి అక్కడ ఇండెక్స్ కార్డుల మీద రాసిచ్చాడు. చింతపిక్కల బదులు ధాన్యపు గింజల్లాంటి చాక్లెట్లు పెడితే ఆట సగంలో తినేశాడట.

మూడో వారం ఆట ఫోన్లలోకి ఎక్కింది. కార్డు మీది అక్షరాలు ఫోన్లో తాతగారికి ఆనలేదు, కంటి ఆపరేషన్ అయ్యి ఏడాది కూడా కాలేదు. అల్లుడి పాత టాబ్లెట్ వచ్చాక తేలికైంది. పాప వాడే ఫోన్లో కొనుగోళ్లకి తాళం వేయించాను. బాబు టాబ్లెట్‌కి వాళ్ల నాన్న వేశాడు. ఎవరి పరికరాలకి తాళం వేయించానో ఈ వాక్యం ఒకసారి గుర్తుంచుకోండి.

ఆదివారం ఉదయం ఏడు

మనకి ఆదివారం ఉదయం ఏడంటే వేసవిలో డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర. ఆ సమయం ఖాయం చేసుకున్నారు. టాబ్లెట్‌లో ఆట, పక్కన ఫోన్‌లో వీడియో కాల్. మొదటి ఆదివారం కాల్ పదకొండు నిమిషాలు నడిచింది. నాలుగో ఆదివారానికి నలభై అయింది.

ఇక్కడ జరిగిన ఒక సంగతి గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యమేసింది అదే.

బాబు డెక్‌లో చారిజార్డ్ ఈఎక్స్ ఉంది. ఒక దెబ్బకి 200, ఎదురుగా ఏదున్నా దాదాపు ఖాళీ. కానీ అది నేరుగా దిగదు. ముందు చార్మాండర్ దించాలి, దానిమీద చార్మీలియన్, ఆ తర్వాతే చారిజార్డ్. దెబ్బ కొట్టడానికి బలమిచ్చే ఎనర్జీలు నాలుగు కావాలి, వంతుకి వచ్చేది ఒకటే. మూడో ఆదివారం ఆట మధ్యలో తాతగారు అన్నారు: "నీ చేతిలో పెద్ద ముక్క ఉంది, కింద వేసుకోడానికి చిన్న ముక్క లేదు. అవునా?"

అవతల నిశ్శబ్దం. తర్వాత "తాతయ్యా, హౌ డిడ్ యూ నో?" అని వినిపించింది.

ఆయనకి తెలిసింది మంత్రంతో కాదు. రమ్మీలో ముప్పై ఏళ్ల క్రితం చేసిన పనే ఇక్కడా చేశారు. ఒకే పేరు కార్డు రెండే ఉంటాయి, బాబు చార్మాండర్‌లలో ఒకటి చచ్చి పారేసిన కుప్పలో ఉంది. ఆ కుప్ప ఇద్దరూ తెరిచి చూసుకోవచ్చు. గత మూడు వంతుల్లోనూ బాబు ఎనర్జీని బెంచి మీద, అంటే వెనక వరసలో ఉన్న పనికిరాని పోకెమాన్‌కి పెడుతున్నాడు. అంటే దేనికోసమో ఎదురుచూస్తున్నాడు. ఇదంతా ఆయన తెలుగులో, ఒక్కొక్క మెట్టూ వివరించారు. బాబు కదలకుండా విన్నాడు. అంతసేపు వాడు తెలుగు వినడం తను ఎప్పుడూ చూడలేదని కొడుకు నాకు ఫోన్‌లో చెప్పాడు.

తర్వాతి వారం నుంచి బాబు కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వాడి మాటలు నేను రాసుకున్నాను. పోకెమాన్‌ల పేర్లు, దెబ్బల పేర్లు ఇంగ్లీషే. చేసే పనులకి మాత్రం మెల్లగా తెలుగు వచ్చింది: ముక్క, దించు, కలుపు, పారెయ్, నీ వంతు, నా వంతు. ఆరో ఆదివారం "తాతయ్యా, నీ ముక్క చచ్చింది, ఇంకోటి దించు" అన్నాడు పూర్తి తెలుగులో. వారాంతపు తెలుగు బడికి వాడు రెండేళ్లుగా వెళ్తున్నాడు. అక్కడ అక్షరాలు వచ్చాయి. ఎదుటివాణ్ని ఏడిపించే తెలుగు మాత్రం ఇక్కడ వచ్చింది.

పాపకీ బాబుకీ కూడా ఆట కుదిరింది. మొదట్లో పాపే గెలిచేది, కాగితం మీద ఎక్కువ ఆడింది కాబట్టి.

బోల్తా

జూన్ చివర్లో పెద్దావిడ ఒక్కరే నా దగ్గరికొచ్చారు. ఫోన్ తీసి బ్యాంకు మెసేజులు చూపించారు. తొమ్మిది రోజుల్లో తాతగారి ఖాతా నుంచి రూ.6,200 పోయాయి. కొన్ని మెసేజులు అర్ధరాత్రి దాటాక వచ్చినవి.

పిల్లలెవరో నొక్కేశారని అనుకున్నాను. కాదు, పిన్ కొట్టింది ఆయనే.

జరిగిందేంటంటే, బాబు దగ్గర చారిజార్డ్ ఈఎక్స్ ఉంది, పాప దగ్గర లేదు. స్కూలు తెరిచాక హైదరాబాద్ వెళ్లిపోయిన పాప ఒకసారి ఫోన్‌లో ఏడ్చింది. ఆ కార్డు తను సంపాదించి మనవరాలికి ఇద్దామని ఈయన ప్యాకెట్లు కొనడం మొదలుపెట్టారు. ఒకటి, ఇంకొకటి, ఇంకా రాలేదు, ఈసారి రావాలి కదా. తొమ్మిదో రోజు రాత్రి వచ్చింది.

ఇవ్వబోతే వీలు కాలేదు. అప్పటికి ఆ ఆటలో కార్డుని ఊరికే ఇచ్చేసే వీలు లేదు. మార్పిడి చేసుకోవాలి, అదీ సమాన స్థాయి కార్డుతోనే. పాప దగ్గర ఆ స్థాయిలో ఉన్నది ఒకే ఒక్క కార్డు, పికాచు ఈఎక్స్. అదిస్తే చారిజార్డ్ వస్తుంది. పాప ఇవ్వనంది. ఆరువేల రెండొందలు పెట్టి కొన్నది ఆయన టాబ్లెట్‌లోనే ఉండిపోయింది.

ఈ తప్పు నాది. ఇద్దరు పిల్లల పరికరాలకీ తాళాలు వేయించి, డబ్బున్న మనిషి చేతిలోని పరికరాన్ని వదిలేశాను. ప్రమాదమంతా పిల్లలకే అనుకున్నాను. పింఛను పడే ఖాతా, చేతిలో ఖాళీ సమయం, మనవరాలికి ఏదో ఇవ్వాలనే ఆరాటం, ఈ మూడూ ఉన్న మనిషి ప్యాకెట్ల ముందు పిల్లకన్నా బలహీనుడు. పిల్లకి పిన్ తెలియదు.

తాతగారు రెండు వారాలు రాలేదు. వచ్చినప్పుడు నావైపు చూడలేదు. "నా తమ్ముణ్ని తిట్టానమ్మా ముప్పై ఏళ్లు" అన్నారు. నిద్ర, దాచడం, పోయింది తిరిగి రాబట్టాలనే తపన, అప్పులు, వీటి గురించి అడగాల్సినవన్నీ అడిగాను. అప్పులు లేవు. కార్డు వచ్చాక కొనడం దానంతటదే ఆగిపోయింది. వ్యసనం అనేంత దూరం వెళ్లలేదని నా అంచనా, కానీ ఆ దారి మొదలు మాత్రం అదే.

డెబ్బై ఒక్క ఏళ్ల మనిషికి, ఆయన సొంత డబ్బు మీద, పిల్లకి వేసినట్టు తాళం వేయలేం. కూతురు వేద్దామంది, నేను వద్దన్నాను. ఆయన్నే అడిగాను ఏం చేద్దామని. టాబ్లెట్‌లోంచి డబ్బు కట్టే దారులన్నీ ఆయనే తీసేశారు, ఆట ఫోన్‌లో ఉండకూడదని ఆయనే నిర్ణయించుకున్నారు. ఆ నెల మెసేజులన్నీ పెద్దావిడ తన నోటుపుస్తకంలో ఎక్కించారు, షరతు రాసుకున్న పేజీ ఎదురుగా.

లెక్కల పుస్తకం

ఆ పుస్తకం నుంచే తర్వాతి పని పుట్టింది. ఈ ఆటలో ఏ కార్డు ఎంత శాతం వస్తుందో యాప్‌లోనే రాసి ఉంటుంది. ఎవరూ తెరవరు. మేం తెరిచాం. జెనెటిక్ ఏపెక్స్ అనే మొదటి సెట్‌లో, ప్యాకెట్‌లోని మొదటి మూడు కార్డులూ మామూలువే వస్తాయి. నాలుగోది నాలుగు వజ్రాల (అరుదైన స్థాయికి గుర్తు) ఈఎక్స్ కావడానికి అవకాశం 1.666 శాతం, ఐదోదానికి 6.664 శాతం. ఆ స్థాయివి ఒక్కో రకం ప్యాకెట్‌లో ఐదు ఉంటాయి. కాబట్టి మనకి కావలసిన ఒకే ఒక్క ఈఎక్స్ రావాలంటే సగటున అరవై ప్యాకెట్లకొకసారి.

"అరవై చింపితే వస్తుందన్నమాట" అంది పాప వీడియో కాల్‌లో. రాదని తాతగారు చెప్పారు. సగటు అరవై అంటే అరవయ్యోది చింపేసరికి వచ్చి తీరుతుందని కాదు. లెక్క వేస్తే, అరవై చింపినా రాని అవకాశం ఇంకా ముప్పై ఆరు శాతం ఉంటుంది. మూడొంతుల్లో ఒక వంతుకి పైనే. "నాకు తెలిసిన లెక్కే ఇది, ఆ తొమ్మిది రోజులూ గుర్తు రాలేదు" అని పిల్లలిద్దరి ముందే అన్నారాయన. నేను చెప్పమనలేదు.

నాలుగు వారాలు ముగ్గురూ ఒకే రకం ప్యాకెట్, ఉచితంగా వచ్చేవే చింపాలని, ప్రతిదీ రాయాలని ఒప్పందం చేసుకున్నారు. పుస్తకం పెద్దావిడ దగ్గర. మొత్తం 131 ప్యాకెట్లు. అందులో ఈఎక్స్‌లు 11, వాటిలో చారిజార్డ్‌లు 2. శాతాల లెక్క ప్రకారం రావాల్సినవీ దాదాపు అన్నే. ఆ రెండూ ఎవరికొచ్చాయంటే, ఒకటి బాబుకి, ఒకటి తాతగారికి. అప్పటికే ఉన్నవాళ్లకే మళ్లీ వచ్చాయి.

పాప ఈసారి ఏడవలేదు. వేరే దారి కనిపెట్టింది. ప్యాకెట్ చింపిన ప్రతిసారీ ఐదు పాయింట్లు జమవుతాయి. ఐదొందలైతే నాలుగు వజ్రాల కార్డుని ఎంచుకుని తీసుకోవచ్చు. అంటే వంద ప్యాకెట్లు, రోజుకు రెండు చొప్పున యాభై రోజులు. పెద్దావిడకి ఈ ఏర్పాటు మొత్తంలో మొదటిసారి ఒకటి నచ్చింది. "ఇది పోస్టాఫీసులో ఆర్డీ కదా" అన్నారు.

ఆగస్టులో పాపకి చారిజార్డ్ వచ్చింది, అదృష్టంతో కాదు, జమ చేసుకుని. డెక్ కట్టింది. వరసగా మూడు ఆటలు ఓడిపోయింది. నాలుగు ఎనర్జీలు పోగయ్యేలోపు ఎదుటివాళ్లు రెండు పాయింట్లు కొట్టేస్తున్నారు. నాలుగో ఆటకి చారిజార్డ్‌ని తీసి పక్కనపెట్టి, రెండు ఎనర్జీలతోనే కొట్టే తన పాత పికాచుని దించింది, గెలిచింది. మే నెలలో "రేర్ ఆంటీ" అన్న పిల్ల ఇప్పుడు "అది స్లో ఆంటీ, చేతిలో ఇరుక్కుంటుంది" అంటోంది. నా ఫైల్లో ఈ మాట కింద గీత గీశాను.

ఏం మిగిలింది

అక్టోబరు చివర్లో కేసు మూసేశాను. ఆదివారం ఆట నడుస్తోంది, నెలలో ఒకటి రెండు వారాలు తప్పుతోంది. బాబుకి ఫుట్‌బాల్ సీజన్ మొదలైంది. కాల్ నిడివి ఇరవై, పాతిక నిమిషాల దగ్గర ఆగింది. ఆట లేని రోజుల్లో కూడా బాబు ఒకట్రెండు సార్లు తనంతట తనే ఫోన్ చేశాడు. ఒకసారి పాపకి నేరుగా చేశాడు.

ప్యాకెట్లు చింపే వీడియోలు పాప ఇంకా చూస్తోంది. రోజుకు మూడు గంటలు ఉన్నది నలభై నిమిషాలకు తగ్గింది, సున్నా కాలేదు. స్కూలు తెరవడం వల్ల ఎంత తగ్గిందో, ఆట వల్ల ఎంత తగ్గిందో విడదీయలేను. ప్లాస్టిక్ కార్డుల డబ్బా చెల్లెలి వరస పిల్లకి ఇచ్చేసిందట. తల్లి మొదటి రోజు చెప్పిన అరుపులు మాత్రం నిజంగా తగ్గాయి. ఎందుకంటే ఫోన్‌లో ఏం జరుగుతోందో ఇప్పుడు ఇంట్లో ఇంకొకరికి తెలుసు, "ఈ ఆట అయ్యాక పెట్టేయ్" అంటే ఎక్కడ అవుతుందో ఇద్దరికీ తెలుసు. మధ్యలో లాక్కోవడం లేదు.

ఇంకోసారి ఇలాంటి ఇల్లు వస్తే కాగితం దశని రెండు కాదు నాలుగు వారాలు పెడతాను. పెద్దవాళ్ల పరికరం ముందు చూస్తాను. ప్యాకెట్లు ఎవరూ ఒంటరిగా చింపకుండా కాల్‌లోనే చింపేలా మొదటి రోజు నుంచీ అలవాటు చేస్తాను. ముగ్గురూ లెక్క రాస్తూ చింపిన ఆ నాలుగు వారాల్లో అర్ధరాత్రి ఎవరూ మేలుకోలేదని పెద్దావిడ పుస్తకం చెబుతోంది.

పోయిన నెల తాతగారు ఫోన్ చేశారు. బాబు డిసెంబరులో వస్తున్నాడట. వాడికి ఈ ఫోన్ ఆట కాదు, తాతయ్య మొదట ఆడిన ఆట నేర్చుకోవాలని ఉందట, అసలు రమ్మీ, పదమూడు ముక్కలతో. "మీ పెద్దావిడ ఏమన్నారు?" అని అడిగాను.

"ఆలోచిస్తానంది. చింతపిక్కలు ఏడాది నాటివి పుచ్చిపోయాయి, కొత్తవి ఎండబెడుతోంది మరి."